చెమర్చు గోడలు

అమెరికా, కెనడా, ఇంగ్లాండు దేశములలో సెలవులు వచ్చినంతనే కొందఱు తమ యింటిని తమ వెంటనే కొనిపోవుదురు. మోటారుకారు వెనుకనున్న కొక్కెమునకు తగిలించిన చిన్న యిల్లొకటి చక్రములపై దొర్లుచు వారిని వెంబడించును. దానిలో పడకలుండును, వంటపొయ్యియు, శీతలపేటికయు, బట్టలు దాచుకొను అరలును ఉండును, కొన్నింటిలో స్నానపుగది కూడ ఉండును. కొండచెంతనో, చెఱువుగట్టుననో దానిని నిలిపి నాలుగు దినములు హాయిగా గడిపి మరలి వత్తురు. దీనిని అమెరికావారు ట్రెయిలరనియు, ఇంగ్లాండువారు కారవాననియు పిలుతురు. తెలుగున బండియిల్లు అనుకొనవచ్చును. అమెరికాలో నివసించు తెలుగు కుటుంబములవారును వేసవి సెలవులలో ఇట్టివి అద్దెకు తీసికొని, అన్నము వార్చుకొనుచు, ఇడ్డెనలు వండుకొనుచు యాత్రలు చేయుచున్నారు.

తెలుగునాట పూర్వము తీర్థములకును తిరునాళ్లకును పోవువారు గూడుబండి కట్టించుకొని దానిలోనే నిద్రించుచు పోయెడివారు. వెదురుతడికను వంచి కట్టిన ఆ గూటికి ముందును వెనుకను తలుపు లేదు. గాలి యథేచ్ఛముగ వచ్చి పోవుచుండెడిది. బండియింటి సంగతి అట్టిది కాదు. 1885 సంవత్సరమున గార్డన్ స్టేబుల్సు అను స్కాట్లండు వైద్యుడు బ్రిస్టలు నగరమందలి బండ్ల కర్మాగారమున ‘వాండరర్’ అను పేర ఒక చక్కని బండియింటిని చేయించి, రెండు గుఱ్ఱములను కట్టి దూరయాత్ర సాగించెను. 1936 లో అమెరికాయందు ‘ఎయిర్‌స్ట్రీము’ సంస్థవారు అల్యూమినియపు రేకుతో విమానమువలె నున్నగ నుండు బండియింటిని వెలువరించిరి. గుఱ్ఱములు పోయి మోటార్లు వచ్చినవి. గోడల సందులు పోయి బిగువు వచ్చినది. ఆ బిగువుతోడనే చిక్కును వచ్చినది.

చలికాలమున ఒక రాత్రి అట్టి యింటిలో నిద్రించి లేచినవారికి తెల్లవాఱునప్పటికి కనబడు దృశ్యమొకటి కలదు. కిటికీ అద్దములన్నియు మసకబాఱియుండును. వానిపై నీటిబొట్లు కూడి చాఱలు చాఱలుగ జాఱి క్రింది చట్రమున మడుగు కట్టును. గోడ నంటి యున్న దుప్పటి అంచు తడిసియుండును. పఱుపు నెత్తి చూచినచో దాని యడుగుభాగము చెమ్మగిలియుండును. రాత్రి వాన కురియలేదు, కప్పు కాఱలేదు, నీటిగొట్టము పగులలేదు. మఱి ఈ నీరు ఎచ్చటినుండి వచ్చినది?

దీనికి సమాధానము మన యింటనే దొరకును. ఎండకాలమున క్రొత్త మట్టికుండలో నీరు పోసినచో కుండ వెలుపల చెమర్చును. అది లోని నీరే. మట్టియందలి సన్నని రంధ్రములగుండ ఊరి వెలికి వచ్చినది. మంచుగడ్డలు వేసిన నీటిని ఇత్తడిచెంబులో పోసినను చెంబు వెలుపల చెమర్చును. కాని ఇత్తడికి రంధ్రములు లేవు. ఈ నీరు చెంబులోనిది కాదు, గాలిలోనిది. విద్యార్థులు రెండు పాత్రలను ప్రక్కప్రక్కన నుంచి, రెంటిలోను రంగు కలిపిన చల్లని నీరు పోసి చూడవచ్చును. చెంబుపై నిలిచిన నీటికి రంగుండదు. చెమ్మ, చెమట, చెమర్చుట అను మాటలు మూడును ఒక్క కుదురునుండి వచ్చినవిగ తోచును గాని, కుండ చెమర్చుటయు చెంబు చెమర్చుటయు ఒక్కటి కాదు. ఈ భేదమును మనసున నుంచుకొనవలెను. బండియింటి విషయమున ఇది మరల అక్కఱకు వచ్చును.

గాలిలో కంటికి కనబడని నీటియావిరి ఎల్లప్పుడు కలదు. గాలి వేడిగ నున్నకొలది ఆవిరి యెక్కువగ ఇముడును. చల్లబడినకొలది తక్కువగ ఇముడును. ఒక ఘనమీటరు గాలిలో 20 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద ఎక్కువలో ఎక్కువగ 17.3 గ్రాముల ఆవిరి ఇముడగలదు. 10 డిగ్రీలయొద్ద 9.4 గ్రాములు మాత్రమే. 0 డిగ్రీలయొద్ద 4.8 గ్రాములు. ఇమిడినంత ఆవిరి నిండినప్పుడు ఆ గాలి సంతృప్తమైనదందురు. ఇమడదగినదానిలో ఎన్నవవంతు ఉన్నదో తెలుపు లెక్కయే సాపేక్షార్ద్రత. గాలి క్రమముగ చల్లబడుచు ఏ వేడిమియొద్ద సంతృప్తమగునో దానిని తుషారస్థానమందురు. అంతకంటె చల్లనైన వస్తువు ఏది తగిలినను గాలిలోని ఆవిరి దానిపై నీరుగ మాఱును. పచ్చికపై మంచుబిందువులు పుట్టుటయు ఇట్లే. ఈ విషయమును విలియం చార్లెస్ వెల్సు అను వైద్యుడు రాత్రులు తోటలో ప్రయోగములు చేసి 1814 లో ఒక గ్రంథమున వివరించెను. ఆఱేండ్ల పిమ్మట, 1820 లో, డేనియలు అను శాస్త్రజ్ఞుడు తుషారస్థానమును కనుగొను పరికరమును నిర్మించెను.

బండియింటిలోని గాలి 20 డిగ్రీల వేడిమి కలిగి, సాపేక్షార్ద్రత నూటికి 60 వంతులున్నదనుకొందము. దాని తుషారస్థానము 12 డిగ్రీలు. వెలుపల 0 డిగ్రీల చలి యున్నచో ఒంటిపొర అద్దము లోపలివైపున 12 డిగ్రీలకంటె చాల చల్లనై యుండును. కావుననే అద్దము మొదట చెమర్చును. ఆ యింటిలోని వస్తువులలో గాలియందలి ఆవిరిని ముందుగ బయటపెట్టు సాక్షి అదియే.

ఆవిరి ఎవరు తెచ్చిపెట్టుచున్నారు? నిద్రించువారే. మనిషి ఊపిరితోను చర్మముతోను నిద్రలో గంటకు దాదాపు 40 గ్రాముల నీటిని గాలిలోనికి విడుచును. ఇద్దఱు ఎనిమిది గంటలు నిద్రించినచో 640 గ్రాములగును. 6 మీటర్ల పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల బండియింటిలో సామాను పోగా సుమారు 25 ఘనమీటర్ల గాలి యుండును. 20 డిగ్రీలయొద్ద ఆ గాలి అంతయు మోయగల ఆవిరి 430 గ్రాములు. మోయగలదానికంటె ఎక్కువ బరువు ఒక్క రాత్రిలో, మనుష్యులు నిద్రించుటచేతనే, దానిపై పడుచున్నదన్నమాట! మన పెద్ద మేడలలో ఇట్లు జరుగకపోవుటకు కారణము గాలి విస్తారముగ నుండుటయు, తలుపుసందులనుండి అది మాఱుచుండుటయును. ఇఱుకింటిలో నలుగురు పండుకొన్నచో చెప్పనక్కఱలేదు. దీనికి తోడు ఎసరు మఱుగుట, వేడినీటి స్నానము, తడిసిన కోట్లును మేజోళ్లును లోపల ఆఱవేయుట.

ఇంకొక మూలము కలదు. దానిని పలువురు ఊహింపనైనను ఊహింపరు. అది పొయ్యిలోని మంట. నీటికిని నిప్పునకును వైరమని లోకము చెప్పును గాని, రసాయనశాస్త్రము ఒప్పుకొనదు. బండియింటిలో వాడు ప్రొపేను వాయువునందు ఉదజని కలదు. అది మండునప్పుడు గాలిలోని ఆమ్లజనితో కూడి నీటియావిరియగును. ఒక కిలోగ్రాము ప్రొపేను మండినచో కిలోగ్రామున్నరకు మించిన నీరు పుట్టును. మన వంటయిండ్లలోని 14.2 కిలోగ్రాముల వాయువుబుడ్డి నిండుకొనునప్పటికి దాదాపు 22 కిలోగ్రాముల నీరు ఆవిరియై వంటగదిలోనికి వచ్చియుండును! మన వంటగదుల కిటికీలు తెఱచియుండును గనుక అది తెలియకయే పోవును. పొగగొట్టము లేని వాయువుకుంపటిని బిగించిన బండియింటిలో రాత్రియెల్ల వెలిగించుట యనగా, వేడిమితోపాటు నీటిని గూడ గదిలో కుమ్మరించుటయే. మంట ఒక మూసిన అరలో మండి, దాని పొగయు ఆవిరియు గొట్టముద్వారా వెలికి పోవునట్టి కుంపటులు కలవు. విద్యుత్తుతో పనిచేయు కుంపటులును కలవు. వీనివలన గదిలోనికి చెమ్మ చేరదు.

అద్దముపై నిలిచిన నీరు కంటికి కనబడును. గుడ్డతో తుడిచినచో పోవును. కనబడని నీరే ఎక్కువ అపకారము చేయును. అల్యూమినియము చెక్కకంటె వేయిరెట్లకు మించి త్వరగ వేడిమిని తనలోనుండి పోనిచ్చును. గోడలోని అల్యూమినియపు దూలము లున్నచోట్ల చలి సూటిగ లోపలికి చొచ్చుకొని వచ్చును. లోపలిగోడపై ఆ దూలముల వెంబడి చెమ్మగీతలు కాన్పించును. బట్టల అరలలోను, మూసిన పెట్టెలవెనుకను వెచ్చనిగాలి తిరుగదు, కాని ఆవిరి చేరును. పఱుపుక్రింద మఱియు విచిత్రము. శరీరపు వేడిమియు చెమ్మయు పఱుపుగుండ క్రిందికి దిగును. పఱుపు వేడిమిని అడ్డగించును గాని ఆవిరిని అడ్డగింపదు. కావున ఆవిరి చల్లని ప్లైవుడ్డు పలకను చేరి అచ్చట నీరగును. పైన వెచ్చగ పండుకొన్నవానికి క్రింద మడుగు కట్టిన సంగతి వారమువఱకు తెలియదు. తెలియునప్పటికి నల్లని బూజుమచ్చలు పుట్టియుండును.

చెక్కలో తేమ నూటికి 20 వంతులు దాటినచో దానిని పుచ్చజేయు శిలీంధ్రములకు దారి యేర్పడును. గోడలోని చెక్కచట్రము మెత్తబడి, పైరేకు చట్రమునుండి విడిపోవును. ఇది ధనమునకు నష్టము. బూజుబీజములు ఉబ్బసపు రోగులకును పసిపిల్లలకును చేయు బాధ అంతకంటె పెద్దది. విహారమునకు వచ్చినవారు నాలుగు దినములలో ఇల్లు చేరుదురు. కాని అద్దె భరింపలేక ఏడాది పొడుగున బండియింటిలోనే కాపురముండు కుటుంబములు ఆ దేశములలో చాల గలవు; వారికి ఈ చెమ్మ సరదాలోని చిన్న చిక్కు కాదు. 2005 ఆగస్టులో కత్రీనా తుపాను అమెరికా దక్షిణతీరమును ధ్వంసము చేసినప్పుడు అచ్చటి ప్రభుత్వము ఇండ్లు కోల్పోయినవారికి వేలకొలది బండియిండ్లను నివాసమునకిచ్చెను. వానిలోని అదుకుడు పలకలనుండి ఫార్మాల్డిహైడు అను ఘాటైన వాయువు వెలువడుచు, జనులకు కన్నులు మండుటయు దగ్గు వచ్చుటయు కలిగెను. ఆ దేశపు వ్యాధినియంత్రణ కేంద్రమువారు పరీక్షించి, ఆ వాయువు సాధారణపు టిండ్లలోకంటె వానిలో హెచ్చుగ నున్నదని 2008 లో వెల్లడించిరి. వేడిమియు చెమ్మయు పెరిగినకొలది పలకలనుండి ఆ వాయువు ఎక్కువగ వెలువడును. గాలి బాగుగ ఆడనీయవలెనని వారు సలహా చెప్పిరి.

గాలి ఆడనీయుట! ఇంతమాత్రమేనా యని తోచవచ్చును. వెలుపల వాన కురియుచుండగా, లేక మంచు కప్పియుండగా, కిటికీ తెఱచినచో లోపలి చెమ్మ తగ్గునా, పెరుగునా? పెరుగునని తలచి కిటికీలు బిగించువారే ఎక్కువ. ఇచ్చట పైలెక్కలను మరల చూడవలెను. 0 డిగ్రీల చలిగాలి పూర్తిగ సంతృప్తమై యున్నను దానిలో 4.8 గ్రాముల ఆవిరి మాత్రమే కలదు. ఆ గాలియే లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కినచో 17.3 గ్రాములకు చోటు కలదగును. అప్పుడు దాని సాపేక్షార్ద్రత నూటికి 28 వంతులే. తడిగ తోచిన చలిగాలి వెచ్చబడగానే దప్పిగొన్నదగును. 10 డిగ్రీల వానగాలి సయితము అట్లు వెచ్చబడినప్పుడు 54 వంతులకు మించదు. కావున చలిదేశములలో వానదినమునను కిటికీ కొంచెము తెఱచుటయే యుక్తము.

ఎంత తెఱవవలెను? లోపలి గాలి ఘనమీటరునకు 10.4 గ్రాముల ఆవిరితో వెలికి పోయి, బయటి గాలి 4.8 గ్రాములతో లోనికి వచ్చినచో, ఒక్కొక్క ఘనమీటరు అయిదున్నర గ్రాములకు పైగ నీటిని మోసికొనిపోవును. ఇద్దఱు నిద్రితులు గంటకు విడుచు 80 గ్రాములను వెలికి పంపుటకు గంటకు సుమారు 15 ఘనమీటర్ల గాలి మాఱిన చాలును. ఆ చలిగాలిని వెచ్చజేయుటకు పట్టు వేడిమి, పాతకాలపు తీగదీపము నూఱు వాట్లది ఒకటి వెలిగించినంత. ఇంత కొద్ది ఖర్చునకు వెనుదీసి, పఱుపును, చట్రమును, ఊపిరిని చెఱుపుకొనుట లాభసాటి బేరము కాదు. క్రింద ఒక కిటికీని వ్రేలిమందము తెఱచి, కప్పుపైనున్న గవాక్షమునందలి చిన్న పంకాను త్రిప్పినచో పని సులభముగ నెఱవేఱును; వెచ్చని తడిగాలి పైకి లేచుట సహజము గనుక పంకాకు శ్రమయు తక్కువ.

దీనికి విరుద్ధముగ కొందఱు చేయు పని ప్రాణాంతకము. చలి తగులుచున్నదని నేలలోను గోడలోను నిర్మాతలు విడిచిన గాలిరంధ్రములను గుడ్డలు క్రుక్కి మూసివేయుదురు. ఆ రంధ్రములు నిర్లక్ష్యమువలన మిగిలినవి కావు. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. అది కాఱినచో నేలరంధ్రములగుండ దిగిపోవలెను. అంతకంటె ముఖ్యము, మూసిన గదిలో ఆమ్లజని తగ్గి మంట సరిగ మండనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమునందలి హీమోగ్లోబినును ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. నిద్రలోనున్నవానికి మొదట తలనొప్పియైనను తెలియదు. నిద్ర నిద్రగనే మిగిలిపోవును. వంటపొయ్యిని వెలిగించి దానివేడిమికి చలికాచుకొనుచు నిద్రించుట ఎంతమాత్రము కూడదు. ఆ వాయువును పసికట్టి గంట మ్రోగించు పరికరమును బండియింటిలో తప్పక నుంచుకొనవలెను. కాని పరికరమున్నదని రంధ్రములను మూయరాదు.

గాలి తెఱచుట అన్ని దేశములకు ఒక్క తీరున పనికిరాదు. అమెరికా దక్షిణమున మెక్సికో సింధుశాఖ తీరమందు వేసవిలో గాలి తుషారస్థానము 24 డిగ్రీలవఱకు పోవును. అచ్చట శీతలయంత్రముతో బండియింటిని 22 డిగ్రీలకు చల్లబఱచి కిటికీ తెఱచినచో బయటిగాలి తన నీటిని లోపలి గోడలపైననే దిగవిడుచును. అద్దము వెలుపలివైపున చెమర్చును. ఇది మన విశాఖపట్టణమునను మచిలీపట్టణమునను శీతలయంత్రము పెట్టిన గదుల కిటికీలపై చూడవచ్చినదే. అట్టిచోట తలుపులు మూసి శీతలయంత్రమునే పనిచేయనీయవలెను; దాని చల్లని గొట్టములపై గాలిలోని నీరు కూడి క్రిందికి కాఱిపోవును. సాపేక్షార్ద్రతను తెలుపు చిన్న మాపకము కొద్ది వెలకే దొరకును. దానిని గోడకు తగిలించినచో ఊహలతో పని లేదు. 60 వంతులు దాటినచో హెచ్చరిక. 50 కి లోబడియున్నచో నిశ్చింత.

తక్కినవి ఇల్లాండ్రకు తెలిసిన పనులే. ఎసటిపై మూత వేయవలెను. వంట సాగుచున్నంతసేపు పంకా తిరుగవలెను. తడిబట్టలు వెలుపలనే ఆఱవలెను. ఉదయమున అద్దములపై నీటిని తుడిచిన గుడ్డను లోపలనే ఆఱవేసిన యెడల ఆ నీరు తిరిగి గాలిలో కలియును. గుడ్డను బయట పిండవలెను. అరల తలుపులను రాత్రి కొంచెము తెఱచి, పఱుపుక్రింద పలక బదులు సందులుగల చెక్కబద్దలను పఱచినచో గాలి అడుగున ఆడును. అద్దమునకు రెండవపొర చేర్చుట మంచిది. ఇంగ్లాండు కారవానులలో రెండుపొరల కిటికీలు సాధారణము. కాని కొందఱు అద్దములకు లోపలివైపున మెఱుపురేకులను వదులుగ అడ్డము పెట్టుదురు. గదివేడిమి అద్దమునకు చేరదు, ఆవిరి మాత్రము అంచులగుండ చేరును. దానితో అద్దము మునుపటికంటె చల్లనై మునుపటికంటె ఎక్కువగ చెమర్చును. రేకు అంచులు గట్టిగ అతుకుకొన్నప్పుడే దానివలన ప్రయోజనము.

కాల్షియం క్లోరైడు గుళికలను చిల్లుల గిన్నెలో నుంచినచో అవి గాలిలోని నీటిని పీల్చి తామే కరగి క్రిందిగిన్నెలోనికి దిగును. వీని శక్తి స్వల్పము. మనుష్యులు కాపురమున్న యింటిలో రాత్రికి 640 గ్రాముల నీటితో పోరాడుట వీనివలన కాదు. తాళము వేసిన బండియింటికి ఇవి చాలును. తేమను తీయు విద్యుద్యంత్రములు రెండు విధములు. చల్లని గొట్టము గలది వెచ్చని గదిలో బాగుగ పనిచేయును గాని, 15 డిగ్రీలకు దిగువను దాని గొట్టముపై మంచు పేరుకొని పని మందగించును. తేమను పీల్చు పదార్థము నింపిన చక్రము గలది చలిలోను పనిచేయును.

ఇన్నియు చేసినను ఒకచోట చెమ్మ తగ్గనిచో కుండయు చెంబును జ్ఞప్తికి రావలెను. ఆ నీరు గాలినుండి వచ్చినదా, బయటినుండి ఊరినదా? చలిరాత్రుల పిమ్మట అద్దములపైనను లోహపు దూలములపైనను సమముగ కనబడు చెమ్మ గాలిదే. వాన పిమ్మట, ఒక మూలనే, గోధుమవన్నె మరక అంచుతో కనబడు చెమ్మ కప్పు అతుకులనుండి కాఱినది. దానికి కిటికీ తెఱచుట మందు కాదు. అతుకులకు పూసిన బంకను గీకి మరల పూయవలెను. రెండిటిని కలగాపులగము చేసి, కాఱుచున్న కప్పుక్రింద పంకా త్రిప్పుచు కాలము గడపినవారి బండ్లు గోడలతో సహా పుచ్చిపోవును. ఇంగ్లాండులో ఏటేట చేయించు పరీక్షలో పనివారు రెండుముల్లుల పరికరమును గోడకు ఆనించి లోనిచెక్కలోని తేమను కొలతురు. కిటికీ మూలలయందును, కప్పు గోడతో కలియుచోటులందును వారు ముఖ్యముగ శోధింతురు.

శీతకాలమున బండియింటిని వాడక నిలువ యుంచువారు పఱుపులను నిలువుగ నిలబెట్టి, అరలన్నిటిని తెఱచి, నీటితొట్లను వంచి ఎండబెట్టి, గాలిరంధ్రములను తెఱచియే ఉంచుదురు. శీతలపేటిక తలుపునడుమ ఒక చెక్కముక్కను పెట్టుదురు. బండికి పైన కప్పు గుడ్డ, వాననాపి ఆవిరిని పోనిచ్చు నేతదై యుండవలెను. ప్లాస్టికుపట్టాను బిగించి కట్టినచో లోని చెమ్మ దానిక్రిందనే నిలిచి, వసంతమున పట్టా తీయునప్పటికి రేకంతయు పాచిపట్టి యుండును.